సగం జవాబుతో పుకారు ఆగదు

సంపాదకులకు,

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రాత్రిపూట ఆకాశంలో ఏదైనా మెరిస్తే చాలు, తెల్లారేసరికి వాట్సాప్‌లో గ్రహాంతరవాసులు దిగిపోతారు. అధికారులను అడిగితే ‘ఏమీ లేదు, భయపడొద్దు’ అంటారు. ఈ జవాబు ఎందుకు పనిచేయదో అమెరికా వైమానిక దళం చేసిన పొరపాట్లు చూస్తే తెలుస్తుంది.

1947 జూలై 8న రోజ్‌వెల్ వైమానిక స్థావరం ఎగిరే పళ్లెం దొరికిందని తానే ప్రకటించింది. కొన్ని గంటలకే పైఅధికారులు అది వాతావరణ బెలూన్ అని సర్దేశారు. నిజానికి అది సోవియట్ అణు పరీక్షల జాడ పట్టడానికి మోగుల్ అనే పథకం కింద రహస్యంగా వదిలిన బెలూన్ల సామగ్రి. ఆ సంగతి వైమానిక దళం చెప్పింది 1994లో! బెలూన్ అన్నమాట నిజమే, ఏ బెలూనో మాత్రం దాచారు.

అంతకన్నా చేటు చేసింది, ఆకాశంలో కనిపించే వింత వస్తువులపై వైమానిక దళం 1954లో పెట్టిన 200-2 నిబంధన. కనిపించింది ఫలానాదని తేలితేనే స్థావరం అధికారి విలేకరులకు వివరం చెప్పాలి. తేలకపోతే ‘పరిశీలనకు పంపాం’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టాలి. అంటే జనం దేని గురించి అడుగుతున్నారో సరిగ్గా దానిమీదే మౌనం. అలాంటి వింతలపై వైమానిక దళం నడిపి 1969లో మూసేసిన విచారణ ప్రాజెక్ట్ బ్లూ బుక్. దాని లెక్కలో 12,618 కేసుల్లో 701 మాత్రమే తేలలేదు. ఆ కొద్దివాటి చుట్టూనే ఇప్పటికీ కథలు అల్లుతున్నారు.

మన దగ్గర దాచాల్సిన రహస్యమూ లేదు. హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్) కేంద్రం శాస్త్ర పరిశోధనకు పలుచని పాలిథిన్ బెలూన్లను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతుంది. కింద పొద్దు గుంకినా అంత ఎత్తున ఇంకో అరగంట దాకా ఎండ ఉంటుంది కాబట్టి బెలూన్ దీపంలా వెలుగుతుంది. పరికరాలు రంగుల పారాచూట్‌తో ఎక్కడో పొలంలో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగిన వింత గోళం కూడా అక్కడినుంచి ఎగిరిందే. అలాంటివి దొరికితే విప్పకూడదు. కొన్నింటిలో హై వోల్టేజీ ఉంటుంది. పోలీసులకు చెబితే చాలు.

వరుసగా పోయే చుక్కల గొలుసైతే ఇంటర్నెట్ కోసం కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. సాయంత్రం పడమట కదలనట్టే ఉండి మెల్లగా కిందికి దిగితే శుక్రుడు కావచ్చు. అర్ధరాత్రి కనిపించిందంటే మాత్రం శుక్రుడు కాదు, మనకు ఆ వేళలో అది కనపడదు. ఫోన్‌లో జూమ్ చేసిన వీడియో నమ్మొద్దు. ఫోకస్ తప్పితే ఏ నక్షత్రమైనా పళ్లెంలా ఉబ్బుతుంది, ఇక వ్యాఖ్యాత గొంతు తోడైతే చెప్పనక్కర్లేదు.

పత్రికకు ఒక విన్నపం. ఇలాంటి వార్త వేసేటప్పుడు నిమిషాలతో సహా సమయం, ఏ దిక్కు, ఎటు కదిలింది, ఎంతసేపు, చప్పుడు ఉందా అన్నవి తప్పక రాయండి. ఎంత ఎత్తున కనిపించిందో చెప్పడానికి చేయి చాపి, నేలా ఆకాశం కలిసే చోటు నుంచి పిడికిళ్లు లెక్కపెడితే ఒక్కో పిడికిలి సుమారు 10 డిగ్రీలు. బెలూన్లు వదిలే ముందు వచ్చే ప్రకటనను జిల్లా పేజీలో పైన వేయండి. అధికారులు కూడా, తేలనిదాన్ని తేలలేదనే చెప్పి, ఏమేం చూశారో, ఇంకా ఏ సమాచారం కావాలో ఆ రోజే విలేకరులకు ఇవ్వాలి.

— ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ