శుక్రవారం ఉపవాస ప్రార్థన గురించి

సంఘస్థులందరికీ ప్రభువు నామమున వందనాలు.

ఆదివారం మందిరం నిండుతోంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మాత్రం ముందు చాపలు కూడా నిండటం లేదు. మన పాస్టర్ గారు ఎవరినీ ఏమీ అనరు. మీరు చెప్పిన మనవులన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కో పేరూ పైకి చదివి, మోకాళ్ల మీద ప్రార్థిస్తారు. ఆపరేషన్లు, పిల్లల పరీక్షల టెన్షన్, మిర్చి రేటు, అన్నీ అందులో ఉంటాయి. తమ పేరు చదివేటప్పుడు ఆ ఇంటివాళ్లు ఒక్కరైనా పక్కన ఉంటే ఆయనకు ఎంత బలం!

మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి పిల్లలకు కూడా చెప్పండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. ఉన్నది ఐదుగురే. ఆ ప్రార్థన తర్వాత పన్నెండేళ్లకు, 1866లో, మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ శుక్రవారం ఉదయం పదింటికి రండి. పనికి వెళ్లేవాళ్లకు సాయంత్రం ఏడింటికి కూడిక ఉంది. పైకి ప్రార్థించడం రాదని యవనస్థులు వెనకాడొద్దు, రెండు మాటలు చాలు. రాలేనివాళ్లు మీ మనవులు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, నోట్‌బుక్‌లో రాయిస్తాను.