అఫ్గాన్ మహిళలు లేకుండా చర్చలు వద్దు: ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. అఫ్గాన్ మహిళలు ఎంతోకాలంగా అడుగుతున్న విషయాన్నే, అందరూ వినాలని, ఇలా బహిరంగంగా మీ ముందు పెడుతున్నాను.

2024 జూన్ 30, జులై 1 తేదీల్లో ఖతార్ రాజధాని దోహాలో అఫ్గానిస్థాన్ గురించి మీ సంస్థ జరిపిన సమావేశానికి, ఆ దేశాన్ని పాలిస్తున్న తాలిబన్ ప్రతినిధులు వచ్చారు. అఫ్గాన్ మహిళలకు మాత్రం అందులో చోటు దక్కలేదు. ప్రైవేటు రంగం, మాదకద్రవ్యాల గురించి చర్చించారు. పౌర సమాజ ప్రతినిధులతో మర్నాడు విడిగా మాట్లాడారు. అసలు చర్చ ముగిశాక పిలిచి వింటే ఏం లాభం?

అఫ్గానిస్థాన్‌లో ఆరో తరగతితోనే ఆడపిల్ల చదువు ఆగిపోతోంది. 2022 డిసెంబరులో తాలిబన్లు అమ్మాయిలకు యూనివర్సిటీల తలుపులు మూశారు. 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని కోర్సులూ ఆపేశారు. మగ డాక్టరుకు చూపించుకోవడమే కష్టమైన ఊళ్లలో రేపు పురుడు పోసేదెవరు? కనీసం ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు రాబట్టాలి కదా!

'రొట్టె, పని, స్వేచ్ఛ' అంటూ కాబూల్ వీధుల్లోకి వచ్చిన మహిళలను చెదరగొట్టారు, నిర్బంధించారు. అయినా వాళ్లు ఊరుకోలేదు. ఇళ్లలోనే ముఖాలు కప్పుకుని, నినాదాలు రాసిన కాగితాలు పట్టుకుని, వీడియోలు తీసి ప్రపంచానికి పంపారు. ప్రజాస్వామ్యం కోసం ఇంతకన్నా ఎవరేం చేయగలరు?

మీరు పిలిచే ప్రతి ప్రధాన సమావేశంలోనూ అఫ్గాన్ మహిళలు ఉండాలి. అమ్మాయిల చదువు, మహిళల ఉద్యోగాలు ఎజెండాలో మొదట ఉండాలి. తాలిబన్ ఒప్పుకోకపోతే ఆ సమావేశాన్ని వాయిదా వేయండి. దీనిపై మీ నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక మహిళా హక్కుల కార్యకర్త