ప్రకృతి నడకల విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇంగ్లండ్‌లోని సర్రేలో మన నడకలు సాగాయి. వాటిలో గర్వంగా చెప్పుకోవలసింది జులైలో బాక్స్ హిల్ నడక.

కొండ దిగువన బడ్లియా పొద మీద పసుపు, ఇటుక రంగు చారలున్న పెద్ద పురుగొకటి వాలింది. "ఏషియన్ హార్నెట్!" అని ఎవరో అనగానే, తేనెటీగలను వేటాడే ఆ కందిరీగ పేరు విని అందరికీ టెన్షన్. ఇయర్ నైన్ చదివే మన అమ్మాయి మాత్రం కదలకుండా నిలబడి ఫోటోలు తీసింది. పెద్దవి చేసి చూస్తే ముఖమంతా కళ్లే, మీసాలు పొట్టివి, రెక్కలు రెండే. కందిరీగ జాతికి రెక్కలు నాలుగు, మీసాలూ పొడుగే. ఏషియన్ హార్నెట్ అయితే ఒళ్లు దాదాపు నల్లగా, కాళ్ల చివర్లు పసుపుగా, పొట్ట మీద ఒక వెడల్పాటి నారింజ పట్టీతో ఉంటుంది. మనం చూసింది హార్నెట్ హోవర్‌ఫ్లై అనే ఒక రకం ఈగ. వేషమే కందిరీగది, కుట్టదు. జీవజాతుల వివరాలు నమోదు చేసే ఐరికార్డ్ వెబ్‌సైట్‌లో పెడితే నిపుణులూ అదే ఖాయం చేశారు. ఆ అమ్మాయికి సంఘం తరఫున అభినందనలు.

అయినా జాగ్రత్త అవసరమే. బ్రిటన్‌లో 2016లో గ్లాస్టర్‌షైర్‌లోని టెట్‌బరీలో తొలిసారి కనబడిన ఏషియన్ హార్నెట్, తేనెపట్టు వాకిట్లోనే కాపు వేసి తేనెటీగలను పట్టుకుపోతుంది. అనుమానం వస్తే ఫోటో తీసి ఏషియన్ హార్నెట్ వాచ్ యాప్‌లో పంపండి. గూడు దగ్గరికి మాత్రం వెళ్లకండి.

భూతద్దాలు ఇచ్చిన డాక్టరు గారికి, ప్రతి నడకకూ పులిహోర, దద్దోజనం కట్టి తెచ్చిన అక్కయ్యలకు, కార్లలో పెద్దవాళ్లను తీసుకొచ్చిన తమ్ముళ్లకు పేరు పేరునా ధన్యవాదాలు. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు. లోటు లేదు.

రెండు మాటలు బాధతోనే చెప్పాలి. వాలంటీర్ల జాబితాలో పేరిచ్చి, ఆ రోజు ఉదయం ఫోన్ కూడా ఎత్తనివాళ్లు చాలామంది. పిల్లల వెంట నడవడానికి పెద్దలు చాలక ఆగస్టు నడక మానుకోవలసి వచ్చింది. ఇక పార్కులో పుచ్చిన దుంగలు తీసెయ్యవద్దని కౌన్సిల్‌కు రాసిన ఉత్తరాలకు జవాబే లేదు. స్టాగ్ బీటిల్ అనే పెద్ద పెంకుపురుగు పిల్లపురుగులు ఏళ్ల తరబడి అలాంటి కొయ్యనే తిని పెరుగుతాయని వివరంగా రాశాం. ఈలోగా దుంగలు ఎత్తుకుపోయారు. మళ్లీ రాస్తాం. ఈసారి సభ్యులందరి సంతకాలు కావాలి. కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి