ఫొటోలో లేని పెద్దమనిషి

హైదరాబాద్,
మార్చి 27

ఏరా రఘూ,

మా ల్యాబులో చేసిన రసాయనాన్ని ఫ్యాక్టరీలో తయారుచేయడానికి ఒక కంపెనీతో చేతులు కలిపిన రోజు పేపర్లో పడ్డ నా ఫొటో చూసి "కంపెనీ పెళ్లికూతురు దొరికింది, ఇక నీ పంట పండినట్టే" అని రాశావు. ఆ రోజు భుజాన వేసిన శాలువా తప్ప ఇంతవరకూ నాకు ముట్టింది ఏమీ లేదురా. పెళ్లి మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను, ఆ రోజు సంతకం చేసిన ఎంఓయూ, అంటే అవగాహన పత్రం, తాంబూలాలు పుచ్చుకోవడం వరకే. లగ్నం అసలు ఒప్పందంలో ఉంటుంది. అందులో పేటెంటు ఎవరి పేరున ఉండాలన్న దగ్గరే నాలుగు నెలలు గడిచాయి. వాళ్ల లాయరు ఒక మాట మారుస్తాడు, మా ఆఫీసు ఆ మాటను కమిటీకి పంపుతుంది.

ఈలోగా నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి రాసిన పరిశోధన పత్రం ఆగిపోయింది. కంపెనీ సరేనంటే గానీ ప్రచురించకూడదని షరతు. అందులో న్యాయం లేకపోలేదు. పేటెంటుకు దరఖాస్తు పెట్టకముందే అచ్చువేస్తే కొత్తదనం పోయినట్టే. కానీ అయిదు నెలలా? ఆ పిల్ల థీసిస్ ఇవ్వాలి, ఇంట్లో వాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

అయినా నేను దీన్ని వదలకపోవడానికి ఒక మనిషి కారణం. ఆయన ఫొటోలో లేడు. ఆ కంపెనీ జీడిమెట్ల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లుగా రియాక్టర్ల దగ్గర, అంటే రసాయనాలు కలిపే పెద్ద పాత్రల దగ్గర పనిచేస్తున్నాడు. ప్రతి గురువారం స్కూటర్ మీద మా ల్యాబుకు వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఫ్లాస్కును వేళ్లతో తాకి, "ఇది వేడెక్కుతుందా సార్?" అన్నాడు.

"కొంచెం. ఐసు గిన్నెలో పెడతాం" అన్నాను.

"మా రియాక్టరు రెండు వేల లీటర్లది. దానికి ఐసు గిన్నె ఎక్కడి నుంచి తెమ్మంటారు?"

నోట మాట రాలేదు. పెళ్లి వంటల దగ్గర చూశావుగా, చిన్న గిన్నెలో పులుసు ఇట్టే చల్లారుతుంది, గుండిగలోది సాయంత్రానికి కూడా పొగలు కక్కుతుంది. లోపలి సరుకు పెరిగినంతగా గోడ వైశాల్యం పెరగదు, వేడి బయటికి పోయే దారి ఉండదు. ఇది పాఠంగా నేనే ఏటా చెబుతాను! ఒక్కసారిగా పోసే రసాయనాన్ని నాలుగు గంటలపాటు బొట్టుబొట్టుగా కలిపి చూశాం. దిగుబడి మూడు శాతం తగ్గింది, కానీ వేడి అదుపులో ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

ల్యాబులు, కంపెనీలు ఇలా కలిసి పనిచేయడం ఈ ఊరికేమీ కొత్త కాదు. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు పరిశోధన మొదలైంది ఉస్మానియాలోనే. తరవాత ఇక్కడి ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి మారింది. 1997కు హెపటైటిస్ బి టీకా బజారులోకి వచ్చింది. భారత్ బయోటెక్ వాళ్ల రోటావాక్, అదే పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా, దాని సంగతి మరీ విడ్డూరం. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల దగ్గర ఆ టీకాకు మూలమైన వైరస్ దొరికింది 1980లలో, టీకా విడుదలైంది 2015లో! మధ్యలో ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, విదేశీ సంస్థలు, ఎందరి చేతులో. నేను ఎనిమిది నెలలకే ఏడుస్తున్నానని నువ్వు నవ్వుతావు, నవ్వు.

ప్రభుత్వం డబ్బు ఇంకో తంటా. జనవరిలో చేతికొచ్చిన నిధులకు మార్చి 31లోగా లెక్క చూపాలి. ఆ లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద ఇంకా ఒక సంతకం మిగిలి ఉంది. ఆ అధికారి రేపు పది గంటలకు సీట్లో ఉంటారట. నేను తొమ్మిదిన్నరకే వెళ్లి ఆ తలుపు దగ్గర కూర్చుంటాను.

నీ,
శీను