యాస దాచకండి, కథ నిదానంగా చెప్పండి

సంపాదకుడు గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి స్టాండప్ కామెడీ వేదికలెక్కుతున్న తెలుగు కుర్రకారు మైకు ముందుకు రాగానే యాస మార్చేస్తున్నారు. హైదరాబాదు ట్రాఫిక్ మీద, ఐటీ ఆఫీసుల మీద జోకులు వేస్తున్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. అక్కడి మాటే వేదిక మీద వినబడకపోతే బాధగా ఉంటుంది.

వీళ్లు అమెరికా దక్షిణాది హాస్యకథకుడు జెర్రీ క్లౌవర్‌ను (1926–1998) వినాలి. మిసిసిపీ పల్లెలో పెరిగి, ఎరువుల కంపెనీ సేల్స్‌మన్‌గా రైతులకు కథలు చెబుతూ పైకొచ్చిన మనిషి. ఆయన చెప్పే రకూన్ (చెట్లెక్కే ఒక చిన్న అడవి జంతువు) వేట కథలో చెట్టెక్కేవాడికి ఒక పట్టుదల ఉంది: చెట్టు మీది జంతువును కాల్చకూడదు, దానికీ తప్పించుకునే వీలివ్వాలి. ఈ ముక్క మొదట్లోనే తాపీగా చెప్తాడు. తీరా పైనున్నది అడవిపిల్లి అని తేలాక, కాల్చమని కేకలు పెట్టేది ఆ మనిషే! నవ్వు వచ్చేది ఆ పట్టుదల వల్ల, యాస వల్ల కాదు. మొదటి ముక్కను గబగబా దాటించేస్తే చివర్న అరుపులే మిగులుతాయి.

మనకీ ఈ పద్ధతి కొత్తది కాదు. బుర్రకథలో కథకుడి పక్కనుండే వంతలు అడ్డుపడి అడుగుతారు, హాస్యం పట్టిస్తారు. స్టాండప్‌లో వంత ఉండడు కాబట్టి ఆ ప్రశ్న కథలోని అత్తో బావో అడగాలి. "ఒకాయన రైలెక్కాడు" అంటే ఎవరికీ పట్టదు. "మా చినమామ నౌపడాలో గుణుపూర్ బండెక్కాడు" అనండి. కథ చెప్పే గొంతు మొదట్నుంచీ యాసలోనే సాగాలి. నౌకరు పాత్రకు మాత్రమే శ్రీకాకుళం మాట అంటగట్టడం సినిమాల నుంచి వచ్చిన చెడ్డ అలవాటు. అది మన మనుషుల్ని చిన్నబుచ్చడమే.

ఒడియా మాటలు వాడొచ్చు, కానీ నాలుగు మాటలకు మించొద్దు. వెంటనే వచ్చే తెలుగు జవాబులో వాటి భావం తెలిసిపోవాలి. నవ్వించే ఆఖరి మాటను ఒడియాలో పెడితే బరంపురంలో పేలుతుంది, విశాఖలో చతికిలబడుతుంది. ఆగి అర్థం చెబితే ఇంకా చెడుతుంది.

నిర్వాహకులు ఇచ్చే ఐదు నిమిషాలకు, నవ్వులకు చోటు పోగా, నాలుగు వందల మాటలు చాలు. నవ్వు సగానికి తగ్గాక తర్వాతి మాట ఎత్తుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే సభ చల్లారుతుంది, ముందే అందుకుంటే మాట వినబడదు. పాత్ర మారినప్పుడు తల తిప్పుతారు గదా, మైకు కూడా గడ్డంతో పాటే తిరగాలి. కేక పెట్టేటప్పుడు జానెడు దూరం జరపాలి, లేకపోతే గొంతు బద్దలై మాట తెలియదు.

నిర్వాహకులకు కూడా ఒక విన్నపం. ఒక్క వాక్యం జోకులకు ఐదు నిమిషాలు సరిపోతాయేమో గానీ, కథకు చాలవు. చినమామ బండెక్కేసరికే రెండు నిమిషాలు పడతాయి. కథ చెప్పేవాళ్లకు కనీసం ఎనిమిది నిమిషాలివ్వండి.

ఇట్లు,
కథలంటే ఇష్టపడే పాఠకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా