చేద ఖాళీగా పైకొచ్చినా అది ప్రార్థనే

సంపాదకులు గారికి నమస్కారం.

కతోలిక సంప్రదాయంలోని ధ్యాన ప్రార్థన మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా థాంక్స్. కానీ 16వ శతాబ్దపు స్పెయిన్ మఠకన్య, అవిలా పునీత తెరెసమ్మ చెప్పిన ఏడు గదుల్ని ఏడు మెట్లుగా బొమ్మ వేసి, పక్కన గడి కట్టి, "మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?" అని అడిగారు చూడండి, అది చూసి మనసు చివుక్కుమంది. ఆ గడి చూసుకుని "నేను మూడో మెట్టు నుంచి మొదటి మెట్టుకు జారిపోయాను" అని లెక్క వేసుకునేవాళ్లు ఖచ్చితంగా ఉంటారు. కొన్నేళ్ల కిందట నేనూ అదే లెక్క వేసుకున్నాను. దాని వల్ల ఏం జరిగిందో చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు తెరెసమ్మ సంగతి. ఆ ఏడు గదుల గురించి చెప్పిన కోట పుస్తకాన్ని ఆమె 1577లో పై వాళ్ల ఆజ్ఞ మీద రాసింది, అప్పటికి 62 ఏళ్లు, తలలో ఎప్పుడూ నదుల హోరులాంటి మోత వినిపిస్తోందని అందులోనే రాసుకుంది. జూన్‌లో తొలేదోలో మొదలుపెట్టి నవంబరు ఆఖరుకి అవిలాలో ముగించింది. మనిషి ఆత్మ ఒక కోట, అందులో చాలా గదులు, నడిమధ్య గదిలో రాజు ఉంటాడు, ఇదీ ఆమె చూపించిన బొమ్మ. అయితే మొదట్లోనే ఒక జాగ్రత్త చెప్పింది: ఈ గదులు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయనుకోకండి, తాటి జాతికి చెందిన ఒక పొట్టి మొక్కలో లోపలి మొవ్వు చుట్టూ పొరలు పొరలుగా ఎలా కమ్ముకుని ఉంటాయో అలా అనుకోండి, పైనా కిందా పక్కలా అన్ని వైపులా గదులే, ఆత్మను వాటిలో స్వేచ్ఛగా తిరగనివ్వాలి గానీ ఒక మూల కూర్చోబెట్టకూడదు అని. అలాంటి మనిషి మాటల్ని మనం నిచ్చెనగా మార్చేశాం.

మెట్ల లెక్క ఈ సంప్రదాయంలో లేదని అనడం లేదు. 12వ శతాబ్దంలో రెండో గ్విగో అనే కార్తూసియన్ సన్యాసి చదవడం, మననం, వేడుకోవడం, దర్శనం అని నాలుగు మెట్లు చెప్పాడు. శుద్ధి, వెలుగు, ఐక్యం అనే మూడు మార్గాలు అంతకన్నా పాతవి. కానీ ఇవన్నీ దారిలో ఉన్నవాడు కంగారు పడకుండా ఉండటానికి చెప్పినవి, మార్కులు వేసుకోవడానికి కాదు.

నాకు వాటన్నిటి కన్నా తెరెసమ్మ ఆత్మకథలోని నాలుగు రకాల నీళ్ల పోలికే దగ్గరగా అనిపిస్తుంది. ప్రార్థన మొదలుపెట్టినవాడు కలుపు మొక్కలు నిండిన బీడు నేలలో తోట వేస్తున్నవాడట. తోటకు నీళ్లు కావాలి. మొదట బావిలోంచి చేదతో తోడి పోయాలి, చేతులు పడిపోతాయి. ఇది మనం బుద్ధితో, ఊహతో చేసే మననం: సువార్తలో ఒక ఘట్టం తీసుకుని, ప్రభువు ఎక్కడ నిలబడ్డాడు, ఏం చూశాడు, నాతో ఏమంటున్నాడు అని ఆలోచించడం. రెండోది చక్రం తిప్పి తోడటం, తక్కువ కష్టానికి ఎక్కువ నీళ్లు. దీన్నే నిశ్చల ప్రార్థన అంటారు. ఇక్కడ మనసులోని ఇష్టం దేవుడి దగ్గర కుదురుకుని కూర్చుంటుంది గానీ, ఆలోచనా జ్ఞాపకమూ మాత్రం యజమాని పెట్టిన మేత నచ్చక ఇంకెక్కడో ఏరుకోవడానికి ఎగిరిపోయే పావురాల్లా తిరుగుతుంటాయట, కాసేపటికి ఏమీ దొరక్క మళ్లీ గూటికి వస్తాయట. ప్రార్థనకు కూర్చున్న ప్రతి మనిషికీ ఆ పావురాలు తెలుసు. మూడోది కాలవ, నేల బాగా తడుస్తుంది, తోటమాలికి పెద్దగా పని ఉండదు. నాలుగోది వాన. వాన కురుస్తుంటే తోటమాలి చేసేదేముంది?

ఇందులో నీళ్లు ఎక్కువవుతున్న కొద్దీ మన పని తగ్గుతుంది, ఆయన పని పెరుగుతుంది. అంటే పై దశల్ని మనం సాధించడం అంటూ ఉండదు, కతోలిక పెద్దలు వాటిని ఆయన కుమ్మరించే వరం అనే అంటారు. ఇదొక్కటి అర్థమైతే "ఏ మెట్టు" అనే ప్రశ్నలో సగం పస పోతుంది.

ఇంకొకటి, మీ వ్యాసంలో అస్సలు రానిది. బావి దగ్గర ఉన్నప్పుడే, అంటే మొదటి దశలోనే, ఎన్నిసార్లు వేసినా చేద ఖాళీగా పైకి వస్తుందని, బావి ఎండిపోయి ఉంటుందని, చేతులెత్తే ఓపిక కూడా ఉండదని ఆమె ముందే రాసిపెట్టింది. అప్పుడేం చెయ్యాలి? తోట మనది కాదు, ఆయనది, మనం చేయగలిగింది చేస్తే నీళ్లు లేకుండానే పూలను ఆయన బతికించుకుంటాడు, కాబట్టి సంతోషంగా బావి దగ్గరే ఉండు అంటుంది. ఇది గొప్ప కోసం చెప్పిన మాట కాదు. కొన్నేళ్ల పాటు ప్రార్థనలో కూర్చుని గంట ఎప్పుడు కొడతారా అని చెవి ఒగ్గి వింటూ ఉండేదాన్నని, ఎంత పెద్ద తపస్సు చెయ్యమన్నా దీనికన్నా సులువుగా చేసేదాన్నని కూడా ఆమే ఒప్పుకుంది. ఒక దశలో తనకు అర్హత లేదనుకుని, అదే వినయం అనుకుని, ఏడాదికి తక్కువ కాకుండా ఈ ప్రార్థన పూర్తిగా మానేసింది కూడా. తర్వాత దాన్ని తన జీవితంలో పెద్ద పొరపాటుగా చెప్పుకుంది. 1970లో కతోలిక సభ (శ్రీసభ) తన పండితురాలిగా, అంటే విశ్వాసం నేర్పే గురువుగా, ప్రకటించిన మనిషి ఈమె.

నా విషయానికి వస్తాను. రోజూ పొద్దున్నే అరగంట సువార్తతో కూర్చునే అలవాటు నాది. బాగానే సాగేది, ఒక్కోసారి కళ్లు తడిసేవి. ఒక ఏడు ఉన్నట్టుండి ఏమీ లేకుండా పోయింది. అదే వాక్యం చదివితే నోట్లో ఇసక పోసినట్టుండేది, ప్రభువును ఊహించుకోబోతే ఖాళీ గోడ. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మా ప్రార్థన గుంపును నడిపే పెద్దాయనకు చెప్పాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా, "ఒప్పుకోని పాపం ఏదో ఉంది, లేదా విశ్వాసం తగ్గింది, మీరు కింద మెట్టుకి వచ్చేశారు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. కానీ ఆ మాట పట్టుకుని నెలల తరబడి నన్ను నేను తవ్వుకున్నాను, పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, పాత సంగతులే మళ్లీ మళ్లీ చెప్పాను, చివరికి టెన్షన్ తట్టుకోలేక కూర్చోవడమే మానేశాను. రెండేళ్లు పోయాయి.

మళ్లీ కూర్చోబెట్టింది ఒక వయసు మళ్లిన మఠకన్య. ఆమె ఉపదేశం ఏమీ చెయ్యలేదు, మూడు ప్రశ్నలు అడిగారు. దేవుడి విషయాల్లో రుచి పోయింది సరే, లోకం విషయాల్లో ఏమైనా రుచి దొరుకుతోందా? లేదు. దేవుడిని సరిగ్గా సేవించడం లేదే అని బాధ ఉందా? అదే కదా నా ఏడుపు. ఎంత ప్రయత్నించినా మునుపటిలా ఊహించడం, ఆలోచించడం కుదరడం లేదా? కుదరడం లేదు. ఆమె చిన్నగా నవ్వి, "మూడూ ఉన్నాయి, అయితే భయం లేదు" అన్నారు.

ఆ మూడు ప్రశ్నలూ ఆమె సొంతం కాదు, తెరెసమ్మతో కలిసి కార్మెల్ సన్యాసుల సభను సంస్కరించిన సిలువ యోహాను గారివి అని తర్వాత తెలిసింది. తెరెసమ్మ కోట పుస్తకం ముగించిన కొద్ది రోజులకే, 1577 డిసెంబరులో, ఆ సంస్కరణను వ్యతిరేకించిన సొంత సభవాళ్లే ఆయన్ని పట్టుకెళ్లి తొలేదోలో ఒక ఇరుకు గదిలో బంధించారు. మరుసటి ఆగస్టులో తప్పించుకునేదాకా అక్కడే కవితలు అల్లుకున్నారు. ప్రార్థన ఇలా ఎండిపోయే కాలానికి ఆయన వాడిన "చీకటి రాత్రి" అన్న మాట ఊరికే గాల్లోంచి పుట్టలేదు. సోమరితనం వల్ల మనసు ఎండిపోవడానికీ, దేవుడు పాలు మాన్పించి గట్టి ఆహారం పెట్టబోయేటప్పుడు ఎండిపోవడానికీ తేడా తెలియడానికి ఆయన ఆ మూడు గుర్తులు చెప్పారు. నిర్లక్ష్యం ఉన్నవాడికి ఆ రెండో ప్రశ్నలోని బాధ ఉండదు. మనసుకి పట్టే దిగులు జబ్బు కూడా ఇందులో కలిసి ఉండొచ్చని ఆయనే అన్నారు, అందుకే నిద్ర, తిండి, బతకాలనే ఆశ పోయినవాళ్లు డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను, ఇది ఆధ్యాత్మికం కదా అని కూర్చోకూడదు.

మూడు గుర్తులూ ఉంటే ఏం చెయ్యాలి? బలవంతంగా పాత మననానికి లాక్కెళ్లొద్దు, ప్రేమతో ఆయన వైపు ఊరికే చూస్తూ ఉండమన్నారు. చిత్రకారుడు ముఖం గీస్తుంటే ఎదురుగా కూర్చున్న మనిషి అస్తమానం కదిలితే బొమ్మ చెడిపోతుంది, అంతే అన్నారు. నిప్పులో వేసిన పచ్చి కట్టె పోలిక కూడా ఆయనదే: మంట ముందు లోపలి తడిని కార్పిస్తుంది, తర్వాత నల్లగా, అసహ్యంగా చేస్తుంది, వాసన వస్తుంది, ఆ తర్వాతే కట్టె తానే మంట అవుతుంది. నల్లబడుతున్నప్పుడు కట్టెకి తాను పాడైపోతున్నానని తప్ప ఇంకేం అనిపిస్తుంది?

అయితే ఊరికే ఉండటం ఒక టెక్నిక్ కాదు. తెరెసమ్మే ఆలోచనను బలవంతంగా ఆపొద్దంది. ఏమీ చేయకపోవడాన్నే సిద్ధాంతం చేసుకున్న 17వ శతాబ్దపు స్పెయిన్ ఫాదర్ మోలినోస్ బోధల్ని 1687లో శ్రీసభ ఖండించింది. ఆ తేడా తెలియాలంటే తెరెసమ్మ అయిదో గదిలో చెప్పింది చూడాలి. కొందరు ప్రార్థనలో ముసుగు కప్పుకున్నట్టు ముడుచుకుని, కదిలితే ఆ కాస్త భక్తి పోతుందేమోనని బిగుసుకుని కూర్చుంటారట. కాదమ్మా, పక్కన జబ్బుతో ఉన్న సోదరికి నీ అవసరం ఉంటే ఆ భక్తి పోతే పోనీ, లేచి వెళ్లు అంటుంది. ఏడో గదిలో కూడా ఆమె అడిగేది పనులే, సువార్తలో వంటపని చూసిన మార్త, ప్రభువు పాదాల దగ్గర కూర్చున్న ఆమె చెల్లెలు మరియమ్మ ఇద్దరూ కలిసి ప్రభువుకి ఆతిథ్యం ఇవ్వాలనే.

ఇప్పటికీ నా పొద్దుటి అరగంటలో ఎక్కువ రోజులు ఏమీ జరగదు. ఏ గదిలో ఉన్నానో చూసుకోవడం మానేశాను, కూర్చోవడం మాత్రం మానలేదు.

ఆ వ్యాసానికి రెండో భాగం ఉందని వేశారు. అందులో దయచేసి ఆ గడి మళ్లీ వేయకండి. ఆ చోటులో సిలువ యోహాను గారి మూడు గుర్తులు, ఖాళీ చేద గురించి తెరెసమ్మ చెప్పిన నాలుగు ముక్కలు వేయండి. మానేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్లు మీ పాఠకుల్లో కొందరైనా ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు