వాళ్ళది బూతే, తిట్టు కాదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో ఐర్లండ్ వెళ్ళే విద్యార్థుల కోసం వేసిన పేజీ చదివాను. ఫీజులు, అద్దెలు, పార్ట్‌టైమ్ పని గంటలు అన్నీ బాగానే ఇచ్చారు. చివర్లో మాత్రం ‘అక్కడివాళ్ళు నోరు తెరిస్తే బూతులే, మనవాళ్ళంటే చులకన’ అని రెండు సంగతులు ఒకే వాక్యంలో కలిపేశారు. నేను పదకొండేళ్ళు అక్కడి కార్క్ నగరంలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేసి, కిందటేడే తెనాలి వచ్చేశాను. మీ వాక్యంలో మొదటి సగం నిజం. రెండో సగాన్ని దానికి అతికించడమే నాకు నచ్చలేదు.

నా మొదటి నైట్ డ్యూటీలో లిఫ్ట్ ఆగిపోయింది. మా సీనియర్ నర్సు యాభై దాటిన మనిషి, మెడలో సిలువ. లిఫ్టును, దాన్ని బాగుచేయాల్సినవాళ్ళను, బయట కురిసే వానను కలిపి ఒక్క వాక్యంలో మూడుసార్లు ఎఫ్ మాట (ఇంగ్లీషులో ఆ అక్షరంతో మొదలయ్యే పచ్చి బూతు) వాడింది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. నేనే ఏదో నొక్కకూడనిది నొక్కానేమోనని ‘సారీ సిస్టర్’ అన్నాను. (అక్కడ ఎవరినైనా పేరు పెట్టే పిలుస్తారు, నాకింకా నోరు తిరగలేదు.) ఆమె నావంక వింతగా చూసి, ‘నీకెందుకమ్మా సారీ’ అని, నా చేతుల్లోని దుప్పట్లు తను తీసుకుని మెట్లెక్కింది. పైకి వెళ్ళాక నాకు టీ కూడా పెట్టిచ్చింది.

బూతు అంటే మాటకున్న మురికి. తిట్టు అంటే ఎదుటి మనిషికి తగలాల్సింది. మనకు రెండూ జంటగానే వస్తాయి, అందుకే ‘బూతులు తిట్టాడు’ అంటాం. ఐర్లండ్‌లో బూతు తనమానాన తను తిరుగుతుంది. బస్సు ఆలస్యమైతే వస్తుంది, కూర బాగుంటే వస్తుంది, మనవరాలు పుట్టిందని చెప్పేటప్పుడూ వస్తుంది. దాన్ని తిట్టు అనుకున్నవాడికి అక్కడ రోజుకు వందసార్లు అవమానం జరుగుతుంది. అదే మనిషి బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పకుండా దిగడు. అది చెప్పకపోతేనే అక్కడ మర్యాద తెలియనివాడి కింద లెక్క.

అలాగని దేనికీ హద్దు లేదనుకోకండి. మా ఆశ్రమంలో కెర్రీ నుంచి వచ్చిన తొంభయ్యేళ్ళ అమ్మ ఒకావిడ ఉండేది. చేతిలో జపమాల, నోట్లో ‘ఫెక్’, అంటే ఎఫ్ మాటకు మెత్తటి రూపం. అది బూతు కాదట, వాళ్ళ నాన్న ముందు కూడా అనేదట. ఆ మాటకు అక్కడి వాడుకలో దొంగిలించడం అనే అర్థం కూడా ఉంది. (ఇప్పుడు తెనాలిలో పాలు పొంగితే నా నోటికీ అదే వస్తోంది. మా అమ్మ అదేదో మందు పేరనుకుంటోంది.) కానీ టీవీలో ఎవరైనా అసలు ఎఫ్ మాట అంటే ఆవిడ మొహం చిట్లించేది. సూది గుచ్చినప్పుడు మాత్రం ‘జీసస్, మేరీ అండ్ జోసెఫ్’ అని అరిచి, వెంటనే సిలువ గుర్తు వేసుకునేది. దేశమంతా ఇలా దేవుణ్ణి పిలుస్తూనే ఉన్న రోజుల్లో, దైవదూషణకు పాతికవేల యూరోల దాకా జరిమానా వేయొచ్చని 2009లో చట్టం చేశారు. దాని కింద ఒక్కరినీ శిక్షించలేదు. 2018 అక్టోబరులో రెఫరెండం పెడితే, ఆ నేరాన్ని రాజ్యాంగం నుంచి తీసేయమని దాదాపు 65 శాతం మంది ఓటేశారు.

ఐరిష్ భాషలోకి వెళ్తే మన అమ్మమ్మలే గుర్తొస్తారు. ‘నిన్ను పిల్లి తినా, ఆ పిల్లిని దెయ్యం తినా’ అని వాళ్ళకో శాపనార్థం ఉంది. ‘నీ నోట్లో మన్ను పడ’ పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి.

పెద్ద మనుషుల సంగతీ చెప్తాను. 2009 డిసెంబరులో వాళ్ళ పార్లమెంటు దిగువసభ డాయిల్‌లో సంక్షేమ కోతల మీద చర్చ జరుగుతుంటే, గ్రీన్ పార్టీ సభ్యుడు పాల్ గోగర్టీ, ఎదుటి పార్టీ ఎమ్మెట్ స్టాగ్‌ని అందరి ముందూ ఎఫ్ మాటతో అనేశాడు. అక్కడికక్కడే క్షమాపణా చెప్పాడు. తీరా సభలో అనకూడని మాటల జాబితా తీసి చూస్తే పిరికివాడు, ఎలుక, బఫూన్, కపటి, కమ్యూనిస్టు అన్నీ ఉన్నాయి, ఎఫ్ మాట లేదు! నాకైతే ఆ జాబితా రాసినవాళ్ళు తెలివైనవాళ్ళే అనిపించింది. ఎలుక అంటే మనిషికి తగులుతుంది. 2010లో మైకేల్ డి. హిగ్గిన్స్ అనే పెద్దాయన ఒక అమెరికన్ రేడియో వ్యాఖ్యాతను, జనంలో భయం రెచ్చగొడుతున్నావని, లైవ్‌లోనే ఒక పచ్చి బూతుతో దులిపేశాడు. మరుసటి సంవత్సరం జనం ఆయన్ని దేశాధ్యక్షుణ్ణి చేశారు. 2025 దాకా ఆయనే. కవి కూడా.

ఇదంతా విని మన పిల్లలు ‘అయితే మనమూ అనొచ్చు’ అనుకుంటారు చూడండి, అసలు చిక్కు అక్కడ. మా పక్కింట్లో అద్దెకుండే ఒక తెలుగు కుర్రాడు సాయంత్రాలు ఒక దుకాణంలో పనిచేసేవాడు. తోటివాళ్ళు వాణ్ణి ‘ఈజిట్’ అనేవాళ్ళు, అంటే మన ‘ఒరే పిచ్చోడా’ లాంటిది. వాడు మురిసిపోయేవాడు, మురిసిపోవాల్సిన మాటే. స్నేహితుల మధ్య ‘ఎఫ్ ఆఫ్’ అంటే పొమ్మనడం కాదు, ‘పోవోయ్, నిజమా!’ అని ఆశ్చర్యపోవడమని కూడా పట్టేశాడు. ఒకరోజు కౌంటరు దగ్గర ఒక ముసలావిడ తనకు ఎనభై రెండేళ్ళని చెప్పింది. ‘పోండి, అంతుండవు’ అందామని వాడు నవ్వుతూ ఆ రెండు మాటలూ అన్నాడు. అర్థంలో తప్పు లేదు, నవ్వులో తప్పు లేదు. ఆవిడ చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. తర్వాతి వారం నుంచి వాడికి షిఫ్టులు సగమయ్యాయి. ‘వాళ్ళంటే తప్పు లేదు, నేనంటే తప్పా ఆంటీ’ అని మా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. ఆ మాట ఎవరితో, ఎన్నాళ్ళ చనువు మీద అంటున్నామన్నది అక్కడ చిన్నప్పటి నుంచి పెరిగినవాళ్ళకు ఒంట్లో ఉంటుంది. మనకు అది పదేళ్ళకు కూడా సగమే వస్తుంది. నేను పదకొండేళ్ళలో ‘ఫెక్’ దాటలేదు.

రెండో చిక్కు దీనికి తిరగబడి ఉంటుంది. ఒక రాత్రి డ్యూటీకి 220 నంబరు బస్సులో వెళ్తుంటే, వెనక సీటులో ఒకడు నా యూనిఫాం చూసి, గొంతు పెంచకుండా, ఒక్క బూతు లేకుండా, ‘మీ దేశంలో జబ్బు పడ్డవాళ్ళు లేరా, ఇక్కడికెందుకు వస్తారు’ అన్నాడు. పదకొండేళ్ళలో నన్ను కోసిన మాట అదొక్కటే. బస్సులో ఎవరూ నోరెత్తలేదు. కాసేపటికి పక్క సీటు ముసలాయన, ‘ఆ గాబ్‌షైట్‌ని పట్టించుకోకు గర్ల్’ అన్నాడు. గాబ్‌షైట్ అంటే బూతే, నేనిక్కడ విడమరచి రాయను. నాకది ఆ రాత్రి మందులా పనిచేసింది.

మీరు కలిపేసినవి ఈ రెండే. 2025 జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుణ్ణి గుంపు కొట్టిన సంగతి, ఆగస్టు 1న మన ఎంబసీ జాగ్రత్తలు చెప్పిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వాతావరణంలో ‘వాళ్ళంతే, నోరు మంచిది కాదు’ అని సరిపెట్టుకున్న పిల్లవాడు నిజంగా బెదిరించినవాణ్ణి కూడా వదిలేస్తాడు, ఫిర్యాదు చేయడు. మరొకడు లిఫ్టును తిట్టుకుంటున్న సూపర్‌వైజరు మీద జాతివివక్ష అని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడతాడు. నేను రెండూ చూశాను. గొడవ రేపేలా బహిరంగంగా బెదిరించడం, అవమానించడం 1994 చట్టం ప్రకారం నేరం. జాతి ద్వేషంతో చేసిన నేరాలకు శిక్ష పెంచే చట్టం 2024 చివరి రోజు నుంచి అమల్లో ఉంది. ఆపదలో 112 లేదా 999కు ఫోన్ చేస్తే గార్డా, అంటే అక్కడి పోలీసులు, వస్తారు.

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో బాండ్ ఏడు తెచ్చుకున్న పిల్లలు కూడా కార్క్ యాస వినగానే తెల్లమొహం వేస్తారు. సెప్టెంబరు బ్యాచ్ బయల్దేరేలోపు మీ పేజీ మళ్ళీ వేస్తారనుకుంటున్నాను. ఈసారి ఆ వాక్యం తీసేసి, ఆ చోటులో గార్డా నంబర్లు వేయండి. బూతుల గురించి రాయాలనుకుంటే అక్కడ కొన్నేళ్ళుగా ఉంటున్న మన నర్సులనో, క్యాబ్ డ్రైవర్లనో అడగండి. కన్సల్టెన్సీవాళ్ళను మాత్రం అడగకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి